పెళ్లివారి పూతరేకులు

హన్నా స్కూటీకి స్టాండు వేసి, రెండో హెల్మెట్ చేత్తో పట్టుకుని లోపలికి వచ్చేసరికి వీరదుర్గ ఇంకా పొయ్యి ముందే ఉంది. బోర్లించిన కుండ మీద పిండిలో తడిపిన గుడ్డ లాగుతోంది.

"ఇంకా తెమల్లేదా? పదకొండింటికి పాలిటెక్నిక్ పరీక్ష. కొత్తపేట వెళ్లొద్దూ?"

పిల్ల తలెత్తలేదు. పల్చటి రేకును కుండ మీంచి ఒడుపుగా ఊడదీసింది. తల్లి చిన్నతల్లి జవాబిచ్చింది.

"రాత్రి మీరే కదండీ ఫోన్ చేసేరు, అమలాపురం పెళ్లివారికి ఈ సాయంత్రానికి కావాలని. పరీక్ష సంగతి మీకు తెలుసు కదా, చూసుకునే ఒప్పుకున్నారనుకున్నానండి."

హన్నా హెల్మెట్ కింద పెట్టేసి కూర్చుంది. డిగ్రీ ఆఖరి ఏడు చదువుతూ, స్నేహితులతో కలిసి ఆత్రేయపురంలో పదో తరగతి పిల్లలకు సాయంత్రాలు పాఠాలు చెబుతోంది. వీరదుర్గ రేకుల పని వల్ల తరచూ రాకపోతుంటే, కొట్టువాడికిచ్చే సరుకు నేరుగా అమ్మితే ఇల్లు తేరుకుంటుంది, పిల్ల చదువుకుంటుంది అనుకుంది. ఫోనులో పేజీ పెట్టింది. ఆర్డర్లు వెల్లువెత్తాయి. పిల్ల పాఠాలకు రావడం ఇంకా తగ్గింది. రాత్రి అన్నం తింటూ, తేదీ చూడకుండా, ఎడంచేతి బొటనవేలితో పెళ్లివారికి సరేనంది.

"పక్కింటి ఉమాదేవి గారిని సాయం పిలవకూడదూ?"

"ఆవిడకీ మీ ఆర్డర్లేనండి. వీధంతా మీ చలవే." ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు.

"పోనీ, పెళ్లివారికి కాదని చెప్పేస్తాను."

"అమ్మో! మాటిచ్చి తప్పితే మళ్లీ ఎవరడుగుతారండీ? నెయ్యీ బెల్లమూ తెచ్చేశాం కూడానూ."

"అయితే నేను కూర్చుంటాను. దుర్గని వెళ్లనీండి."

గుడ్డ తీసుకుంది. మొదటిది చిరిగింది. రెండోది ముద్దయింది.

"అది రేకు కాదు అక్కా, అట్టు!" వీరదుర్గ పకపకా నవ్వింది. "గుడ్డ ఆపకూడదండీ. ఆనించీ ఆనించకుండా లాగెయ్యాలి."

చిన్నతల్లి గుడ్డ తీసేసుకుని, "చెయ్యి కాలిందేమో చూడండమ్మా," అంది.

కాలింది. హన్నాకు మంట తెలియలేదు. గోడ గడియారంలో పదిన్నర దాటడం చూస్తూ కూర్చుంది. ఇక బయల్దేరినా పరీక్ష అందదు.

"వచ్చే ఏడు రాస్తాలెండి," అంది వీరదుర్గ, హన్నానే ఓదారుస్తున్నట్టు. పాలిటెక్నిక్‌లో సీటొస్తే హాస్టల్లో ఉండి చదువుకోవచ్చని ఆ పిల్లకు చెప్పింది హన్నాయే.

పన్నెండయ్యేసరికి సగం పెట్టెలు తయారయ్యాయి. పిల్ల కూర్చోవాల్సిన వెనక సీటు మీద వాటిని తాడేసి బిగించింది చిన్నతల్లి.

"అమలాపురానికి కొత్తపేట మీంచే కదండీ వెళ్తారు?"

"ఆయ్," అంది హన్నా.

కొత్తపేటలో పరీక్ష జరిగే బడి గేటు మూసి ఉంది. బయట నీడలో తల్లులు నీళ్ల సీసాలు పట్టుకుని కూర్చున్నారు. హన్నా బండి ఆపలేదు. ఎండలో నిలిపితే బెల్లం కరిగి రేకులు మెత్తబడతాయి.