బొట్టు వరకు నీళ్లు

మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక నేను సముద్రపు చేపల తొట్టి దగ్గరికి వెళ్తాను. పొద్దున్నుంచీ ఆవిరైపోయినన్ని మంచినీళ్లు మళ్లీ పోయాలి. నీళ్లు ఎగిరిపోతాయి గాని ఉప్పు ఎక్కడికీ పోదు, తొట్టిలోనే ఉండి మిగిలిన నీళ్లను చిక్కబరుస్తుంది. అందుకే ఎక్కడిదాకా పోయాలో గుర్తుగా అద్దానికి ఓ మూల నా బొట్టుబిళ్ల అంటించి పెట్టుకున్నాను. ఆ ఆదివారం మగ్గు పట్టుకుని వచ్చి చూస్తే బొట్టు లేదు.

"ఏవండీ, ఇక్కడ నా బొట్టుండాలి?"

"గీకేశాను. జకర్యా వస్తున్నాడు కదా, అద్దం మీద బొట్లేంటి అసహ్యంగా," అన్నారు మా ఆయన గోరు చూసుకుంటూ.

వేలితో తడిమితే జిగురు మరక తగిలింది. బతికించావురా భగవంతుడా అనుకుని ఆ మరక దాకా నీళ్లు పోశాను.

మా ఆయన పేరు కన్నారావు. అమెరికా క్లయింట్లకి నోరు తిరక్క కెన్ అంటారు, ఆయనకీ అదే ముద్దు. భీమిలిలో పుట్టినవాడికి సముద్రం లేకపోతే ఊపిరాడదట. నేరేడ్‌మెట్‌లో ఈ ఫ్లాటు కొన్నప్పుడే హాల్లో సముద్రం పెట్టించారు: పగడాలు, రాళ్లు, నారింజ రంగు మీద తెల్లచారల క్లౌన్ చేపల జంట. వచ్చినవాళ్లందరికీ "నా రీఫ్" అని చూపిస్తారు. ఉప్పు కొలిచి కలిపేదాన్ని, నీళ్లు పరీక్షించేదాన్ని నేను. నాచు గీకేదాన్ని నేను. కరెంటు పోతే ఇన్వర్టరు ఆయన కంప్యూటరుకే సరి, పంపు ఆగిపోతుంది. అప్పుడు స్టూలెక్కి, మగ్గుతో నీళ్లు ముంచి, పాలు చల్లార్చినట్టు పైనుంచి పోస్తూ చేపలకు గాలి ఆడేలా చేసేదాన్నీ నేనే. "సేపలకి మేతెయ్యడం కూడా ఓ పనేటమ్మా? అదృష్టవంతురాలివి," అంటారు అత్తగారు భీమిలి నుంచి ఫోన్లో.

ఇప్పుడు ఆయనకు అనిమోనీ కావాలి. చూడ్డానికి పువ్వులా ఉంటుంది గాని ప్రాణి. దాని వేళ్లలాంటి రేకుల మధ్య క్లౌన్ చేపలు దూరి పడుకుంటాయి. ఆఫీసులో ఎవరి తొట్టిలోనూ లేదు, అదీ అసలు సంగతి. చిలకలగూడలో చేపల దుకాణం ఉన్న జకర్యా మాత్రం తొట్టి చూడకుండా అమ్మనన్నాడు. చూసి, అది ఇక్కడ బతుకుతుందంటేనే ఇస్తాడట.

నాకు పొద్దున్నుంచి అన్నం దిగలేదు. ఎందుకంటే చర్లపల్లిలో మంచినీళ్ల సీసాలు నింపే కంపెనీ వాళ్లు నన్ను ల్యాబులోకి తీసుకున్నారు. సోమవారం వచ్చి చేరాలి, వచ్చేదీ రానిదీ ఈ సాయంత్రంలోగా చెప్పాలి. ఇంటర్వ్యూకి వెళ్లిన సంగతే ఇంట్లో చెప్పలేదు. కెమిస్ట్రీ చదివి, పాప పుట్టాక ఉద్యోగం మానేసి, మళ్లీ వెళ్తానన్నప్పుడల్లా "హాయిగా ఇంట్లో ఉండక ఎందుకే తలనొప్పి? పాప కొంచెం పెద్దదవనీ," అన్నారు. పాప బడికి వెళ్తోంది, తన జడ తనే వేసుకుంటోంది. పాప పెద్దదయ్యాక చేపలొచ్చాయి. ఇప్పుడు అనిమోనీ వస్తే? చంటిపిల్లలాంటిదట, నీళ్లు కాస్త తేడా వచ్చినా ముడుచుకుపోతుందట. దాన్ని చూపించి ఇంకెన్నేళ్లు ఆపుతారో! ఈ తొట్టి పనికిరాదని జకర్యా అంటే బాగుణ్ణు అనుకున్నాను, అనుకోగానే పౌరుషమొచ్చింది. ఎందుకు పనికిరాదు? అంత శుభ్రంగా ఉంచాను! మళ్లీ భయం. నేను వెళ్లిపోతే ఈ నోరులేని జీవాలు ఏమైపోతాయి? ఇంటర్వ్యూలో "ఇన్నాళ్లూ ఏం చేశారు?" అని అడిగితే "ఇంట్లోనే ఉన్నానండీ" అన్నాను. నీళ్లు పరీక్షిస్తున్నానని నోటికి రాలేదు చూడండి, నా తెలివి తెల్లారినట్టే ఉంది.

జకర్యా వచ్చాడు. నీళ్లలో ఉప్పెంతో చూశాడు, చిన్న సీసాల్లో రంగులు కలిపి చూశాడు, లైటు కింద చెయ్యి పెట్టి చూశాడు. నేను టీ కప్పుల ట్రేతో తలుపు దగ్గరే నిలబడిపోయాను.

"నీళ్లు మస్తు నిలకడగున్నయ్ సార్. గింత నిలకడ నా దుకాణంల సుత లేదు."

"సిస్టమ్ అలా డిజైన్ చేశాను," అన్నారు మా ఆయన.

నా ఒళ్లు మండిపోయింది. ట్రే బల్ల మీద పెట్టాను.

"పంపు మూతికి సన్న జాలి కట్టాలె సార్. ఇది నడుస్తది. పంపుల వడ్డదంటే ఖతమ్."

"నడుస్తుందా! పెట్టినచోట ఉండదా?"

"ఉండదు సార్. జాగ దానికి నచ్చాలె. నచ్చేదాంక తిరుగుతనే ఉంటది." జకర్యా టీ అందుకున్నాడు. "ఇగ ఒక్కటే ఫికర్. కరెంటు పోతె పంపు బంద్ అయితది. ఇది సచ్చిందంటే నీళ్లు ఖరాబై చేపలు గిట అన్నీ పోతయ్. పొద్దంత ఎవరన్న కనిపెట్టుకోని ఉండాలె. ఇంట్ల అన్నీ ఉన్నయా?"

"ఎందుకు లేవు? ఇంపోర్టెడ్ లైటుంది, రెండు పంపులున్నాయి, మా ఆవిడుంది," అన్నారాయన ఒకే ఊపులో. "ఎక్కడికీ పోదు. ఖాళీయే."

అనరాని మాటేం కాదు. నవ్వుతూనే అన్నారు, అందులో కాస్త మెచ్చుకోలు కూడా ఉందేమో. కానీ పంపుల తర్వాత నేను. నా పక్కన ఇంకేదైనా సామాను చెబుతారేమోనని కూడా ఒక్క క్షణం ఎదురుచూశాను.

"అయితే ఇంకేంది సార్, ఎల్లుండి తెస్త," అన్నాడు జకర్యా.

"వద్దు," అన్నాను. గొంతు నాకే కొత్తగా వినిపించింది. "ఈ తొట్టిలో అది బతకదు. పగలు ఇంట్లో ఎవరూ ఉండరు."

మా ఆయన నవ్వారు. "నువ్వుంటావు కదే!"

"ఉండను. రేపటినుంచి చర్లపల్లిలో ఉద్యోగం. ల్యాబులో." కుర్చీ వీపు గట్టిగా పట్టుకున్నాను. "దాన్ని చంపిన పాపం మనకెందుకు, జకర్యా గారూ?"

జకర్యా ఆయన వైపూ నా వైపూ చూసి కప్పు కింద పెట్టేశాడు. "ఇంట్ల మనిషి లేకుంటే కష్టమే మేడమ్. నేనైతే ఇయ్య. సార్, ఏమనుకోవద్దు," అని సీసాలు సంచిలో సర్దుకుని వెళ్లిపోయాడు.

తలుపు వేసి, ఆయన చూస్తుండగానే కంపెనీకి ఫోన్ చేశాను. "రేపు వస్తున్నానండీ," అన్నాను. అంతే, ఆ ముక్క చెప్పడానికి ఇన్నాళ్లు పట్టింది. ఫోను పెట్టేసి ఆయన ఏమంటారోనని చూశాను. ఏం ఉద్యోగమే అంటారనుకున్నాను. నాతో ఎందుకు చెప్పలేదని కేకలేస్తారనుకున్నాను. దానికైతే జవాబులు కూడబెట్టుకునే ఉన్నాను.

"మరి వీటికి నీళ్లెవరు పోస్తారు?" అన్నారు.

కూడబెట్టుకున్న జవాబులేవీ అక్కర్లేకపోయాయి. వాష్‌బేసిన్ దగ్గరికి వెళ్లి, అద్దానికి అంటించి ఉన్న నా బొట్టుబిళ్లల్లో ఒకటి ఊడదీశాను. వచ్చి ఆయన చెయ్యి పట్టుకుని చూపుడువేలి కొసకు అంటించాను.

"ఆఫీసుకెళ్లేముందు ఒకసారి, రాగానే ఒకసారి మీరు పోయండి. బొట్టు వరకు. మంచినీళ్లే, ఉప్పునీళ్లు పోసేరు!"

ఆయన వేలు ఎత్తి పట్టుకుని తొట్టి ముందు నిలబడిపోయారు. "ఇది ఎక్కడ అంటించాలే?"

"జిగురు మరకుంది," అన్నాను రేపటి చీర తీసుకోవడానికి లోపలికి వెళ్తూ. "దగ్గరికెళ్లి చూస్తే కనిపిస్తుంది."