కండెన్సరు కింద కుర్చీ

బావ ఒంటి మీద ఇంకా దుప్పటి కప్పలేదు. మేనేజరు అప్పుడే అతడి సుత్తి కోసం వెతికిస్తున్నాడు.

నేను ఆ చమురు శుద్ధి యూనిట్లో పంపుల దగ్గర పనిచేస్తాను. ఇదంతా నా కళ్లతో చూశాను. గొట్టాల మీద నుంచి నీళ్లూ నురగా ఇంకా కారుతున్నాయి. కాలిన రబ్బరు వాసన గొంతు పట్టేస్తోంది. సేఫ్టీ ఆఫీసరు వంగి, బావ చేతి పక్కన పడి ఉన్న ఇత్తడి సుత్తిని తీసి సంచిలో వేసుకున్నాడు. స్టోరు నుంచి తెప్పించిన ఇనప సుత్తిని అక్కడ పెట్టించి ఫోటో తీయించాడు. నూనె ఆవిర్లున్న చోట ఇనప సుత్తి తగిలితే నిప్పురవ్వ లేస్తుంది. అందుకే మాకు ఇత్తడివి ఇస్తారు. పొద్దు వాలకముందే గేటు మీద నోటీసు పడింది: ఫిట్టరు నిర్లక్ష్యం వల్ల ప్రమాదం. గడ్డం కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగేవాళ్ల గురించి విన్నాం గానీ, కాలి చచ్చినవాడి మీదే నిప్పంటించిన నేరం మోపేవాళ్లను ఆ రోజే చూశాం.

బావ మా ఫిట్టరు. చిన్నా పెద్దా తేడా లేకుండా అందరినీ ‘బావా’ అనేవాడు కాబట్టి మేమూ అతణ్ణి అలాగే పిలిచేవాళ్లం. ఒకసారి తనిఖీకి వచ్చిన పెద్ద దొరను నోరు జారి బావా అన్నాడట. ‘మా అక్కను ఇస్తాననుకున్నాడేమో, పాపం, మొహం చేటంతయింది’ అని తనే చెప్పి నవ్వించేవాడు. ఆ అక్కదీ మా యార్డులోనే పని. కాంట్రాక్టు కింద కండెన్సర్లు కడిగే ముఠాలో ఉంది. తల్లి పోయాక బావను ఎత్తుకు పెంచింది ఆమే. మా అందరికీ ఆమె అక్కే.

బావను చంపింది సుత్తి కాదు. ముడి చమురులో ఉప్పు ఉంటుంది. కాచినప్పుడు అది ఆమ్లపు ఆవిరై నూనె ఆవిర్లతో కలిసి పైకి పోతుంది. కండెన్సరు దగ్గర ఆ ఆవిర్లు చల్లబడి, మొదటి నీటి చుక్కలు పుట్టేచోట, ఆమ్లమంతా ఆ చుక్కల్లో చేరుతుంది. చెద కొయ్యను తిన్నట్టు ఆ చుక్క ఇనుమును తింటుంది. అందుకే ఒక చిన్న పంపుతో గొట్టంలోకి ఎడతెగకుండా రసాయనం పంపాలి. అందులో కొంత ఆమ్లాన్ని విరిచేస్తుంది, కొంత ఇనుముకు లోపల పొరలా పట్టుకుని కాపాడుతుంది. మేం దాన్ని మందు అంటాం.

మొదట మందు సరఫరా చేసే కాంట్రాక్టరు అందులో నీళ్లు కలిపాడు. తర్వాత మేనేజరు ఆ పంపునే ఆపించాడు. పెద్ద రిపేర్లు ఎలాగూ దగ్గరపడుతున్నాయి, అప్పటిదాకా లాక్కురండి అన్నాడు. ఇదేం రహస్యం కాదు. ఆగిన పంపు అందరి కళ్లముందే ఉంది. కండెన్సరు నీళ్లలో పులుపు పెరుగుతోందని ల్యాబులో పనిచేసే అమ్మాయి చెబితే, నోరు మూసుకోకపోతే ఉద్యోగం ఉండదన్నారు. గొట్టం చెమ్మగిల్లింది, తర్వాత కారింది. యూనిట్ ఆపితేగానీ ఎక్కనని బావ అన్నాడు. ‘ప్రమాదమేం లేదు. భయమైతే గేటు అటుంది’ అన్నాడు మేనేజరు. బావ ఎక్కాడు. కారుతున్న వంపుకు పట్టీ బిగిస్తుంటే, లోపల కాగితమంత పలచబడ్డ ఇనుము విచ్చుకుంది. ఎగదన్నిన నూనె ఆవిరి, కింద వేడిగా నడుస్తున్న పంపు మీద పడి భగ్గుమంది.

ఇదంతా జరిగిన మర్నాడే, కాలిన కండెన్సరును మూసేసి దాని జంట కండెన్సరు మీద యూనిట్ నడపడం మొదలుపెట్టారు. దానికీ మందు లేదు.

బావను సాగనంపి వచ్చాక పనిముట్ల షెడ్డులో సభ పెట్టుకున్నాం. కూర్చోడానికి చోటు లేక జనం పైపుల దొంతర్ల మీదికి ఎక్కారు. యూనియన్‌కు పెద్దదిక్కయిన ముసలి వెల్డరు ముందు మాట్లాడాడు. ఆయన్ను మేం పెద్దాయన అంటాం. పైవాళ్లకు అర్జీ పెడదామనీ, అక్కకు నష్టపరిహారం ఇప్పిద్దామనీ, తొందరపడితే ఉన్న పనులు పోతాయనీ చెప్పాడు. కుర్రవాళ్లు ఆయన్ను మాట పూర్తి చేయనివ్వలేదు. మేనేజరు ఇంటికే పోదామన్నారు. కాల్చినవాణ్ణి కాల్చాల్సిందేనన్నారు. సగం షెడ్డు లేచి నిలబడింది. నేనూ లేచాను.

అప్పుడు అక్క ముందుకొచ్చింది. ఏడవలేదు. ఏడ్చే వేళ దాటిపోయిందని ఆమె మొహం చూస్తే తెలుస్తోంది.

“నాకు పగ లేదనుకుంటున్నారా? వాడి గొంతు నా చేతికి చిక్కితే వదలను. కానీ వాడొక్కడు చస్తే ఆ గదిలోకి ఇంకొకడొస్తాడు. మన మెడలు ఉరికెక్కుతాయి, పంపు మాత్రం ఆగే ఉంటుంది. నా తమ్ముడు ఏ గొట్టం కింద చచ్చాడో, అలాంటి గొట్టం కింద వాణ్ణి కూర్చోబెట్టండి. ప్రమాదం లేదన్నాడుగా. కూర్చుని చూపించమనండి.”

ల్యాబు అమ్మాయి గోడ వారనుంచి లేచింది. నీళ్ల సంగతి అందరి ముందూ తను చెబుతాననీ, ఉద్యోగం పోతే పోనీ అనీ అంది. ఆఫీసు కుర్చీలు బరువైనవి, మోయడానికి మనుషులు కావాలి అన్నాడు పెద్దాయన. ఆయన మా వైపు వచ్చేశాడని అలా తెలిసింది.

మర్నాడు పొద్దున షిఫ్టు మారే వేళ లోపలివాళ్లు బయటికి పోలేదు. బయటివాళ్లు లోపలికి వచ్చారు. అంతమంది ఒక్కచోట చేరడం ఆ యార్డు అంతకుముందు చూడలేదు. ఆఫీసు మెట్లెక్కి, చల్లటి గదిలోని పొడుగు బల్లా, తోలు కుర్చీలూ భుజాల మీద మోసుకొచ్చి నడుస్తున్న కండెన్సరు కింద వేశాం. మేనేజరును మధ్యలో పెట్టుకుని నడిపించుకొచ్చాం. ఎవరూ ఒంటి మీద చెయ్యి వేయలేదు. దారి మాత్రం ఒక్కటే వదిలాం. సేఫ్టీ ఆఫీసరు మరుగుదొడ్డిలో గడియ పెట్టుకున్నాడు. ఆ పూట లెక్కలు చూడ్డానికి వచ్చిన కాంట్రాక్టరు వెనక గోడ దూకి, చెప్పు ఒకటి మాకు వదిలేసి పోయాడు.

మేనేజరు కూర్చున్నాడు. ఎదురు కుర్చీలో అక్క కూర్చుంది. చుట్టూ మేం నిలబడ్డాం. గొట్టం పగిలితే మేమూ పోతాం. అది ఆయనకూ తెలుసు. మాకు అలవాటైన చావే. ఆయనకు కొత్త.

“పని చేసుకోండి సార్. ఇక్కణ్ణుంచే చేసుకోండి,” అంది అక్క.

ఆయన కాగితాల వైపు చూడలేదు. కళ్లు పైనున్న గొట్టాన్ని వదల్లేదు. చొక్కా వీపుకు అంటుకుపోయింది. ఆ చెమట చూస్తుంటే నాకు చల్లగా ఉంది, అబద్ధమెందుకు. గొట్టం మీది తేమ ఒక చుక్కై ఆయన మెడ మీద పడింది. తేలు కుట్టినట్టు ఎగిరి లేచి, యూనిట్ ఆపండి, ముందు యూనిట్ ఆపండి అని అరిచాడు.

ఎవరూ కదల్లేదు.

“ఎందుకు సార్?” అన్నాడు పెద్దాయన.

“పైపు పలచబడింది.”

“ఎందుకు పలచబడింది?”

ల్యాబు అమ్మాయి బల్ల దగ్గరికి వచ్చి, నీళ్లలో పులుపు పెరిగిందని మేనేజరుకు ఎప్పుడు చెప్పిందీ, ఆయన ఏమన్నదీ మొహం మీదే చెప్పింది. అక్క కుర్చీ ఇంకొంచెం దగ్గరికి జరుపుకుంది.

“ఎవరు ఆపమన్నారు మందు?”

“నేనే. నేనే ఆపమన్నాను.”

ఆ మాట వెనక వరుసలకు వినపడలేదన్నారు. మళ్లీ చెప్పించాం. మూడోసారి కూడా చెప్పించాం. అవసరమై కాదు, మా ఆకలి తీరక. తర్వాత ఆపరేటర్లు వెళ్లి, పద్ధతి ప్రకారం కొలిమి మంటలు తగ్గించి యూనిట్ ఆపారు. గొట్టాల్లో హోరు మెల్లగా చచ్చిపోయింది.

అప్పటికి పోలీసులు దిగారు. అక్క చేతులకు సంకెళ్లు వేస్తూ హత్యాయత్నం కేసన్నాడు ఇన్‌స్పెక్టరు.

“ఇక్కడ కుర్చీ వేస్తే హత్యాయత్నమా? మరి ఇలాంటి చోటే నిచ్చెన వేయించినవాడిది ఏ కేసు?” అంది అక్క.

జవాబుగా లాఠీలు వచ్చాయి. పెద్దాయన నుదురు చిట్లింది. ఆ నెత్తుటితోనే ఆయన అక్కను ఎక్కించిన జీపు వెనక గేటు దాకా పరిగెత్తాడు.

మేం పని ఆపి గేటు లోపలే బైఠాయించాం. కంపెనీ ఇంకో ఊరి నుంచి ఆపరేటర్లను బస్సులో తెచ్చింది. మేం రాళ్లు వేయలేదు. మందు పంపు నడుస్తోందేమో మీ దొరను అడగండి అన్నాం. వాళ్లు దిగి అడిగారు. దొర నీళ్లు నమిలేసరికి దిగిన బస్సే మళ్లీ ఎక్కి, వచ్చిన దారినే పోయారు.

ఆ మర్నాడు గేటు దగ్గరికి కొత్త మనుషులు వచ్చారు. కాంట్రాక్టరు షెడ్డులో మందు పీపాలు నింపే ఆడవాళ్లూ మగవాళ్లూ. చేతుల మీద చర్మం పొరలు పొరలుగా లేచిపోయి ఉంది. మాలో కొందరు వాళ్ల మీదికి పోబోతే పెద్దాయన అడ్డం నిలబడ్డాడు. వాళ్లలో ఒకామె ముందుకొచ్చి రెండు చేతులూ మాకు చూపించింది.

“నీళ్లు కలిపింది ఈ చేతులే. కలపమన్నవాడు ఎక్కడ దాక్కున్నాడో మాకు తెలుసు.”

పెద్దాయన నుదుటి కట్టు సరిచేసుకున్నాడు. గేటు తెరిచాం. కాంట్రాక్టరు దాక్కున్న చోటికి దారి చూపుతూ వాళ్లు ముందు నడిచారు. వాళ్ల వెనక మేమందరం కదిలాం.