పట్టీ మీద నీలం

ఎలీసమ్మను చంపింది నర్సు సీతారత్నమే. అందులో జయరావుకు అనుమానం లేదు. చక్కెర పరీక్షకు చెడిపోయిన పట్టీలిచ్చింది, మనిషి పోయింది. ఊళ్ళో ఎవరడిగినా అదే చెప్పాడు. సీతారత్నం ఎదురొస్తే దారి తప్పుకుని పోయేవాడు.

అతని భార్య ఎలీసమ్మకు పదమూడో ఏటి నుంచి చక్కెర జబ్బు. రోజూ ఇన్సులిన్ సూది పడకపోతే బతకదు. మందు సీసా తడి ఇసుక పోసిన కుండలో ఉండేది. ఎనభై ఆరులో సీతారత్నం కొత్త పట్టీల డబ్బా తెచ్చింది. వేలు గుచ్చి నెత్తుటి చుక్క వెయ్యాలి, నిమిషం ఆగి తుడవాలి. పట్టీ మీగడ రంగులోనే ఉంటే చక్కెర పడిపోయినట్టు, నీలం తిరిగితే పెరిగినట్టు. సరిచూసుకోవడానికి రంగులు డబ్బా మీదే అచ్చేసి ఉంటాయి.

"డబ్బా పక్కన పెట్టుకుని చూడు జయరావూ" అని ఆమె వందసార్లు చెప్పింది.

"నాకు కంఠతా వచ్చులెండి" అనేవాడు.

ఎలీసమ్మ పోయిన రోజు పొద్దుటి నుంచీ అతను ఇంటి ముందు కళ్ళంలో వంచిన తల ఎత్తకుండా తాలు కాయలు ఏరుతున్నాడు. కనుచూపు మేరా ఎర్రటి మిరపకాయలే. సాయంత్రం నాలుగింటికి ఎలీసమ్మ బండి నీడన కూలబడింది.

"ఏమయ్యా, చేతులు వణుకుతున్నాయి. ఒళ్ళంతా చెమటలు. కాస్త బెల్లం ముక్క పెట్టు."

"ఈ ఎండకి ఎవరికి పొయ్యవే చెమటలు? ముందు వేలు ఇట్టా తే."

చుక్క వేశాడు, తుడిచాడు. పట్టీ నీలం.

"చూడు ఎట్టా పెరిగిందో! బెల్లం కావాలంట దొరసానికి."

"ఒక్క ముక్కయ్యా..."

పెట్టలేదు. రోజూ కంటే ఎక్కువ మందు ఎక్కించాడు. దీపాలు పెట్టే వేళకు ఆమె పోయింది.

ఆ పట్టీని బైబిల్లో దాచాడు. తెల్లారి చూస్తే మీగడ రంగు. రంగు నిలవని పట్టీలు అంటగట్టిందన్నాడు. సీతారత్నం మీద కోపం అక్కడ పుట్టింది.

సమాధి చేసిన ఎనిమిదో రోజు మళ్ళీ కళ్ళంలో దిగాడు. సాయంత్రం లోపలికొచ్చి బైబిలు తెరిచాడు. పట్టీ నీలంగా ఉంది.

మర్నాడు పొద్దున మీగడ రంగు. సాయంత్రం నీలం. ఆ మర్నాడూ అంతే. మట్టిలో ఉన్న మనిషికి ఇంకా చక్కెర పెరుగుతోందా, తగ్గుతోందా? సున్నం కొట్టిన గోడ కూడా నీలంగా అతని వైపు చూస్తున్నట్టుంది. ఎందుకో తనకే తెలియకుండా బైబిలు పక్కన బెల్లం ముక్క పెట్టాడు. తెల్లారేసరికి చీమలు దాన్ని తినేశాయి. మళ్ళీ పెట్టాడు.

చీమకుర్తిలో కాపురముంటున్న కూతురు రెబ్కా చూడటానికొచ్చింది. సాయంత్రం కళ్ళంలోంచి వస్తూనే పట్టీ ఆమె ముందు పెట్టాడు.

"చూడు. పొద్దున తెల్లగుంది. ఇప్పుడు నీలం."

"నీలం ఏది నాన్నా? పొద్దున ఎట్టుందో అట్టానే ఉందిగా."

"కళ్ళు లేవా నీకు?"

"నేను ఇంట్లో కూర చేసుకుంటున్నా. పొద్దస్తమానం ఎరుపు చూసొచ్చింది నువ్వు. కళ్ళంలోంచి లోపలికొస్తే చిన్నప్పుడు నాకూ తెల్ల గోడలు నీలంగా కనపడేవి. అమ్మ నవ్వేది. కళ్ళు కడుక్కుని కాసేపు కూచో."

కడుక్కుని కూర్చున్నాడు. పట్టీ మీదే చూపు నిలిపాడు. నీలం కొంచెం కొంచెంగా జారిపోయింది, ఆ రోజు ఎలీసమ్మ ఊపిరి జారిపోయినట్టే. చివరికి మీగడ రంగు మిగిలింది. గోడ తెల్లబడింది.

ఎలీసమ్మ ఒంట్లో ఆ పూట చక్కెర లేదు. ఒక్క ముక్క అడిగింది.

"నాన్నా, ఆ రోజు పట్టీ చూసింది కూడా కళ్ళంలోంచి లేచొచ్చేనా?"

అతను పట్టీని పొయ్యిలో వేశాడు.

"పాపం సీతారత్నంగారిని ఊరంతా తిడుతున్నారు. పోయి చెబుదాం."

"తిట్టనీ."

"నాన్నా!"

"ఈ మాట ఇంకోసారి ఎత్తావా, ఈ గడప తొక్కొద్దు. నేనెత్తను. చచ్చేదాకా ఎత్తను."