ఒక నంబరు కింద నలుగురు

ఒక కంప్యూటరు ఇంకో కంప్యూటరుకి వివరాలు పంపే ఎక్సెమ్మెల్ అనే పద్ధతంటే ఫయాజ్‌కి మొదటినుంచీ చులకన. పెళ్లికి పిలవడానికి వచ్చి, ముహూర్తం సంగతి వదిలేసి వంశమంతా వల్లించే పెద్దమనిషిలా ఉంటుంది అది. ఒక్క పేరు చెప్పాలంటే దానికి ముందొక గుర్తు, వెనకొక గుర్తు, చుట్టూ ఒక పెట్టె, ఆ పెట్టెకు మూత. నరసరావుపేటలో మేడమీద గదిలో కూర్చుని ఎన్నో వెబ్‌సైట్లు కట్టినవాడే గానీ, ఇలాంటి పాత సర్వీసు తగిలినప్పుడల్లా విసుక్కునేవాడు. చిలకలూరిపేట పత్తి మిల్లు పనిలో తగిలింది అదే.

పని మాత్రం చిన్నది. ఏ రైతు ఏ రోజు పత్తి తేవాలో వేరే కంపెనీ సర్వరు ఎక్సెమ్మెల్‌లో పంపుతుంది. దాన్ని విప్పి రైతు ఫోనుకు మెసేజి కొట్టాలి. ఆ కంపెనీవాళ్లిచ్చిన వివరణ చాంతాడంత ఉంటే ఫయాజ్ పైపైన చూసి పక్కన పడేశాడు. నంబరు తీసుకో, దాని కింద మొదట కనబడ్డ పేరు తీసుకో, మెసేజి కొట్టు అని ప్రోగ్రాము రాశాడు. పొద్దుటిపూట మొదలుపెట్టి మధ్యాహ్నం అన్నానికి లేచేసరికి అయిపోయింది.

కొందరు రైతులు మెసేజి రాలేదంటున్నారని మిల్లు మేనేజరు రాజీవ్ పిలిపిస్తే ఇవాళ వచ్చాడు. వస్తూనే తేల్చేశాడు.

"పంపినట్టే ఉంది సార్. చూసుకోకుండా తీసేసి ఉంటారు. కాదంటే ఆ కంపెనీవాళ్లది పాతకాలం సరుకు, వాళ్లనడగండి."

ఆ మాట అని టీ సగం తాగాడో లేదో, గేటు దగ్గర గొడవ. ఇద్దరూ బయటికొచ్చారు. పత్తి ట్రాక్టరు పక్కన ఒక పెద్దావిడ, ఆమె వెనక కాలేజీ వయసు పిల్ల. నకరికల్లు అవతల పల్లె వాళ్లది. పెద్దావిడ మరియమ్మ. పిల్ల వెన్నెల, ఆమె ఎదురింటి దానియేలు కూతురు. మరియమ్మకు ఫోను లేదు. ఆ వరసలో ఇంకా కొందరికి లేదు. ఎక్కడ ఏది రాయించుకున్నా అందరూ వెన్నెల నంబరే ఇస్తారు.

"నీ వంతు పోయిన వారమే అయిపోయిందమ్మా. బండి వెనక్కి తిప్పుకో," అన్నాడు రాజీవ్.

"చూడండి సార్, మా నాయనది ఒక్కటే వచ్చింది," అని వెన్నెల ఫోను చాపింది.

రాజీవ్ ఫోను వైపు చూడలేదు. "మా కంప్యూటర్లో పంపినట్టే ఉంది. చూసుకోకుండా తీసేసి ఉంటావు."

ఫయాజ్ రాజీవ్ వైపు చూశాడు. అవి తన మాటలే.

మరియమ్మ పిల్ల వైపు తిరిగింది. "వింటన్నావా? మీ నాయన పత్తి వేళకి పోయింది, నాది ఇంట్లో పడుంది. అదేందే, నా మెసేజి దాచావా అంటే బజార్లో నా మీదికే లేచావు."

"నాకు రాలా పెద్దమ్మా. ఒట్టు."

"చర్చిలో పాటలు పాడే నోరు. ఒట్లు కూడా ఎందుకులే."

 లేని మెసేజి కోసం వెన్నెల ఫోన్లో వేలితో పైకీ కిందికీ జరుపుతూనే ఉంది.

ఫయాజ్ లోపలికి పోయి లాప్‌టాప్ తెరిచాడు. ఆ పిల్ల నంబరు కొట్టి, సర్వరు పంపినదాన్ని మొదటిసారి పూర్తిగా చదివాడు. ఒక నంబరు కింద నాలుగు పెట్టెలు. దానియేలు. మరియమ్మ. ఆ తర్వాత ఇంకో ఇద్దరు. తను రాసిన లైను మొదటి పెట్టె తెరిచి, మిగతావి ముట్టుకోకుండా, మొత్తం నంబరుకు 'పంపబడింది' అని రాసేసింది. ఎక్సెమ్మెల్ ఏమీ దాచలేదు. ఎవరి పెట్టెలో వాళ్లను, మూతలతో సహా, మర్యాదగా పంపింది. నంబరుకు ఒక్కడే మనిషి అనుకున్నది తను.

ఇంకెవరైనా అలా అనుకుంటే అనుకోవచ్చు, తను అనుకోకూడదు. తన చిన్నప్పుడు వాళ్ల బజారంతటికీ తను అబ్బా అని పిలిచే తండ్రి ఉస్మాన్ మెకానిక్ షెడ్డులోని ఫోనే దిక్కు. అది మోగితే "మీకు ఫోనొచ్చింది" అని ఇల్లిల్లూ పరుగెత్తింది తనే. లాప్‌టాప్ మూశాడు.

బయటికొచ్చాడు. నిజం నాలుక చివరిదాకా వచ్చి పక్కకు జారింది. "సర్వర్ ప్రాబ్లం సార్."

"నేనదే అనుకున్నా," అన్నాడు రాజీవ్, హాయిగా.

"ఎవరయ్యా ఆ సర్వరు?" అంది మరియమ్మ. "పిలువు ఆయన్ని. ఈ పిల్లని నేను అనరాని మాటలన్నా. జవాబు చెప్పమను."

ఫయాజ్ నేల చూశాడు. పత్తి పింజ ఒకటి అతని బూటు కింద నలిగి మట్టి రంగుకు తిరిగింది.

"ఆయనెవరూ లేరమ్మా. తప్పు నాది. నంబరుకు ఒక్కరే ఉంటారనుకుని రాశా. మీ మెసేజి అసలు పంపలేదు. తీసేసి ఉంటారన్నది కూడా నేనే, చూడకుండానే."

మరియమ్మ అతన్ని ఎగాదిగా చూసింది.

"మనిషికో ఫోనుంటదని ఎట్టా అనుకున్నావు నాయనా? ఏ ఊరు మీది?"

"నరసరావుపేట."

"ఏ దేశమో అనుకున్నా."

రాజీవ్ ఫయాజ్ మొహం చూడకుండానే హమాలీలను కేకేసి పత్తి దించమన్నాడు. మరియమ్మ వెన్నెల భుజం మీద చెయ్యి వేయబోయింది. పిల్ల పక్కకు తొలగింది. ముసలావిడ చెయ్యి అలాగే గాల్లో ఆగి, కొంగు సర్దుకుంది.

"ఇప్పుడే సరిచేస్తానమ్మా. ఇకనుంచి నలుగురివీ వస్తాయి," అన్నాడు ఫయాజ్.

"మెసేజిలు సరే అన్నా," అంది వెన్నెల. "నన్ను దొంగదని ఈమె అన్నది మా బజారంతా విన్నది. ఇప్పుడీమె పోయి కాదంటే, పత్తి దిగింది గదా అని మాట మార్చిందంటారు. నువ్వొచ్చి చెప్తావా? ఫోన్లో కాదు, మనిషివి రావాల."

ఖాళీ ట్రాక్టరు వెనకే ఫయాజ్ బైకు మీద బయల్దేరాడు. తొట్టి చెక్కల్లో ఇరుక్కున్న పింజలు గాలికి లేచి అతని నల్లచొక్కా మీద వాలుతున్నాయి. దాటిపోవడానికి చోటుంది, దాటలేదు. నరసరావుపేటలో ఇంటికి తిరిగే మలుపు దగ్గర బ్రేకు మీద కాలు దానంతటదే ఆనింది. తొట్టిలో కూర్చున్న వెన్నెల అతని వైపే చూస్తోంది. కాలు తీశాడు.

ఏం చెప్పాలో దారంతా కూడబలుక్కున్నాడు. సర్వీసు, ట్యాగు, ఫార్మాటు అంటూ మొదలైన మాటలు నకరికల్లు దాటేసరికి ఒకటొకటిగా రాలిపోయాయి.

ట్రాక్టరు ఆగింది. వెన్నెల ముందు దిగి, వెనక్కి చూడకుండానే ఇళ్ల వైపు కేకేసింది.

"ఒకసారి రండే. ఈయనేదో చెప్పాలంట."

చేతులు తుడుచుకుంటూ ఒకరొకరే బయటికొస్తున్నారు. ఫయాజ్ హెల్మెట్ తీశాడు.