ముందు చేతి బొటనవేలు

మాస్టారు బల్లెం యుద్ధం నేర్పేవాడు. వెనకటి సైనికులు ఎలా పోరాడేవారో అలాగే, కాకపోతే ఇనుప మొన బదులు రబ్బరు బుడిపె తొడిగి. పాత గోదాము ఒకటి అద్దెకు తీసుకుని, గోడ పొడవునా బల్లేలు నిలబెట్టుకుని, ఇరవై ఆరేళ్ళుగా అదే పని.

కొత్తవాళ్ళకు మొదటి నెలంతా పట్టు తప్ప ఇంకేమీ చెప్పేవాడు కాదు. వెనక చెయ్యి కర్ర చివర, తుంటి దగ్గర, గట్టిగా ఉండాలి. ముందు చెయ్యి వదులుగా ఉండాలి. ఆ చేతి బొటనవేలు మాత్రం మిగతా వేళ్ళ మీదికి మడిచి ఉంచాలి. ఎదుటివాడి కర్ర మన కర్ర మీదుగా జారుకుంటూ వస్తే మొదట నలిగేది ఆ చెయ్యే. వేలు పైకి లేపినవాళ్ళని బెత్తంతో ఆ వేలి మీదే కొట్టేవాడు.

కూతురు చిట్టి ఎనిమిదో ఏట బల్లెం పట్టింది. తండ్రి చేత అందరికంటే ఎక్కువ దెబ్బలు తిన్నది ఆమే, అందరికంటే బాగా నేర్చుకున్నదీ ఆమే. ఇరవై ఏడో ఏట తండ్రికి చెప్పకుండా వాచీలు బాగుచేసే అతన్ని పెళ్ళి చేసుకుంది.

"పోయి పోయి ముళ్ళు తిప్పేవాడిని పట్టుకొచ్చావా?" అన్నాడు మాస్టారు. అంతకు మించి రభస చేయలేదు. చిట్టి ఊపిరి పీల్చుకుంది.

రెండు నెలలకు ఆయనే అల్లుడి షాపుకు వచ్చాడు. "అల్లుడూ, మా ఇంటి మనిషివయ్యావు. కర్ర పట్టకపోతే ఎలా? పొద్దున్నే రా, నేనే నేర్పుతాను."

అల్లుడు పొంగిపోయాడు. చిట్టి ప్యాకింగ్ కంపెనీలో పొద్దుటి షిఫ్టుకు వెళ్ళే వేళకు అతను గోదాముకు వెళ్ళేవాడు. అక్కడ మామా అల్లుళ్ళు తప్ప ఎవరూ ఉండేవారు కాదు.

"నీకు కుడి చెయ్యి ముందు," అన్నాడు మాస్టారు మొదటి రోజే. "బొటనవేలు కర్ర మీద నిటారుగా పెట్టు. గురి వెంట్రుకవాసి తప్పదు."

"చిట్టి వేలు మడిచి పడుతుంది కదా మావయ్యా?"

"దానిది మోటు చెయ్యి. నీది వాచీలో మరలు బిగించే చెయ్యి. నీకూ దానికీ ఒకే పట్టు అంటే ఎలా? ఈ పట్టు సంగతి దానికి మాత్రం చెప్పకు. మన గోదాములో ఏటా పెట్టే ప్రదర్శన రోజు చూసి నోరు తెరవాలి."

ఆ మాటకు అల్లుడు మురిసిపోయాడు. అద్దం ముందు నిలబడి చీపురు కర్ర పట్టుకుని కూడా అదే పట్టు సాధన చేశాడు. చిట్టి వచ్చే అలికిడి వినగానే చీపురు మూల పడేసేవాడు.

ప్రదర్శన రోజు గోదాము నిండింది. చివరి జోడీ పేర్లు మాస్టారు అప్పటికప్పుడు చెప్పాడు. మొగుడూ పెళ్ళాం అనగానే జనం ఈలలు వేశారు. "వదినా, కాస్త చూసి కొట్టు! రేపటి నుంచి టీ ఎవరు పెడతారు?" అని ఎవరో అరిచారు. చిట్టి కూడా నవ్వుతూనే ముఖానికి ఇనుప జాలీ కట్టుకుంది. ఇద్దరి చేతులకూ పల్చటి తోలు తొడుగులే. మందపాటివి వేసుకుంటే పట్టు తెలియదని మాస్టారు ఒప్పుకునేవాడు కాదు.

మూడుసార్లు కర్రలు తగిలాయి. అల్లుడు అనుకున్నదానికంటే గట్టివాడే. నాలుగోసారి అతను ముందుకు పొడిచాడు. చిట్టి కర్ర దాన్ని పక్కకు తోసి, దాని మీదుగానే సర్రున కిందికి జారింది.

ఎండుకొమ్మ విరిగినట్టు చప్పుడైంది.

అల్లుడు బల్లెం వదిలేసి కూలబడ్డాడు. తొడుగు కత్తిరించి తీసేసరికి బొటనవేలు ఒక పక్కకు వేలాడుతోంది.

"వేలు పైకి ఎందుకు పెట్టావు? ఎవరు పెట్టమన్నారు?" అని కేకలు వేసింది చిట్టి.

"మావయ్యే," అన్నాడు అతను పళ్ళు బిగించి.

మాస్టారు జనం వైపు తిరిగి భుజాలు ఎగరేశాడు. "చెప్పింది చెవికెక్కని వాళ్ళకి నేనేం చెయ్యను?"

ఆసుపత్రిలో ఎముక రెండు చోట్ల విరిగిందన్నారు, కీలు నుజ్జయిందన్నారు. వేలు నిలుస్తుంది కానీ ఇక వంగదు. ట్వీజర్ పట్టి వాచీ మరలు తీసే ఆశ వదులుకోమన్నారు.

మర్నాడు చిట్టి గోదాముకు వెళ్ళి శిష్యులందరి ముందూ తండ్రిని నిలదీసింది. "కావాలనే చేశావు కదా నాన్నా?"

మాస్టారు నేల మీద పడి ఉన్న బల్లెం తీసి గోడకు ఆనించాడు. "నేను పట్టు చెప్పాను. కొట్టింది ఎవరు?"

"నాకు తెలియదు కదా!"

"తెలియకపోవచ్చు. కనిపించలేదా?" ఆయన దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "నీ కళ్ళు నాకు తెలుసే. ఆ వేలు చూశావు. చూసే జారవిడిచావు. నేను పెంచిన చెయ్యి ఆగదు."

నిజమే. అరక్షణం పాటు ఆ వేలు కర్ర మీద నిటారుగా నిలబడి చిట్టికి కనిపించింది. చెయ్యి వెనక్కి లాక్కోవడానికి ఆ అరక్షణం చాలు. కానీ పంతొమ్మిదేళ్ళుగా ఆ చేతికి నేర్పింది వేరు.

శిష్యుల్లో బట్టలు కుట్టే ఒకామె తన సంచి తీసుకుని బయటికి నడిచింది. మిగతావాళ్ళు తలలు దించుకుని పట్టు సరిచూసుకున్నారు.

ఇంటికొచ్చేసరికి భర్త కట్టు కట్టిన చెయ్యి దిండు మీద పెట్టుకుని కూర్చున్నాడు.

"ఒకటే అడుగుతాను. కొట్టేముందు నీకు నా వేలు కనిపించిందా?"

అబద్ధం నాలుక చివరి దాకా వచ్చింది. "కనిపించింది," అంది.

అతను కట్టు చెయ్యి దిండు మీద సర్దుకున్నాడు. తర్వాత మామూలుగా, "రేపటి నుంచి కంపెనీ మానెయ్. షాపులో కూర్చో. నా పని నువ్వు చెయ్యి," అన్నాడు.

ఆమె మానేసింది. అతను పక్కన స్టూలు వేసుకుని నేర్పడం మొదలుపెట్టాడు. మొదట్లో ఓపికగానే చెప్పాడు. పదిరోజులకు ఆ ఓపిక పోయింది. బల్లెం పట్టి కాయలు కాసిన ఆ వేళ్ళలో స్ప్రింగులు వంగిపోయేవి, మరలు ఎగిరి ఎక్కడో పడేవి. అవి దొరికేదాకా ఆమె మోకాళ్ళ మీద పాకుతూ వెతకాల్సిందే. అతను కదిలేవాడు కాదు. షాపుకొచ్చినవాళ్ళు నిలబడి చూస్తున్నా సరే, "మళ్ళీ పాడుచేసింది మొద్దు చెయ్యి" అనేవాడు. ఆమె వేళ్ళు పట్టు తప్పితే మిగిలిన ఎడమ చేత్తో స్కేలు అందుకునేవాడు. మొదటిసారి కొట్టినప్పుడు ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. రెండోసారి చూసుకోలేదు.

నాలుగు నెలలకు మాస్టారు షాపు మెట్లెక్కాడు. మనిషి తగ్గాడు. ప్రదర్శన తర్వాత శిష్యులు ఒక్కొక్కరే జారుకున్నారని ఊరంతా అనుకుంటూనే ఉన్నారు.

"చిట్టీ, వచ్చెయ్. గోదాము నీకే రాసిస్తాను. నీ చేతికి ఈ సూదిపని ఏంటి?"

చిట్టి తల ఎత్తింది. భూతద్దం కంటికే ఉండిపోవడంతో తండ్రి ముఖం మసకమసకగా కనిపించింది. లేవాలనే అనుకుంది. నిజానికి స్టూలు మీంచి సగం లేచింది కూడా.

భర్త స్కేలు బల్ల మీద మెల్లగా పెట్టాడు.

"ఎక్కడికి పంపను మావయ్యా?" అన్నాడు ఎంతో మర్యాదగా. "ఇంకా పట్టే సరిగ్గా రాలేదు."

మాస్టారు కూతురి చేతుల వైపు చూశాడు. వేలి కణుపుల మీద ఎర్రటి గీతలు వరసగా ఉన్నాయి. ఎక్కడ కొడితే పని త్వరగా వస్తుందో ఆయనకు బాగా తెలుసు. మెట్లు దిగిపోయాడు.

చిట్టి కూర్చుని ట్వీజర్ తీసుకుంది.