రెండు మిల్లీమీటర్ల లోటు

నాకు కోపం ముందు పుట్టి, బుద్ధి తర్వాత పుట్టిందని మా అమ్మ అంటూ ఉంటుంది. మా వర్క్‌షాపులో ఆర్డర్లు, ఫోన్లు, గొడవలు నావి. లోహం కోసే మిల్లింగ్ మిషను అన్నయ్యది. రోజుకు పది మాటలు మాట్లాడితే అందులో ఆరు అంకెలే ఉండే మనిషి.

ఎనిమిదేళ్ల క్రితం గేమ్ కంట్రోలర్లు చేసే ఒక చిన్న కంపెనీ నుంచి డిజైనర్ వచ్చాడు. కంట్రోలర్ వెనకవైపు వేళ్లతో నొక్కే ఇత్తడి మీటలు కావాలన్నాడు. నాలుగు వందలు, మూడు వారాల్లో. ఒక్కో మీట పొడవు యాభై మిల్లీమీటర్లు. దాని రెండు చివర్లలో ఉన్న రంధ్రాలు కంట్రోలర్‌లోని రెండు పిన్నుల మీద సరిగ్గా కూర్చోవాలి.

"కోద్దామా, పోత పోయిద్దామా?" అని అన్నయ్యను అడిగాను. అడగడం పేరుకే, అప్పటికే నిర్ణయం అయిపోయింది. మిషను మీద కోస్తే మీటకు నలభై నిమిషాలు. పోత అయితే ఒక్క నమూనా కోస్తే చాలు. దాన్నుంచి రబ్బరు అచ్చు తీస్తారు, అచ్చులో మైనం పోసి ఎన్ని కావాలంటే అన్ని మీటలు చేస్తారు, వాటి చుట్టూ ప్లాస్టర్ పోసి కాలిస్తే, ఆ మైనం కరిగి ఖాళీ అయిన చోట లోహం పోస్తారు. ఆ పనికి మా వీధిలోనే మైనం మామ ఉన్నాడు. నగలకు పోతలు పోసీ పోసీ ఆయన చొక్కాలకు కూడా ఆ వాసనే.

"ఐదు వారాలు అడుగు, కోసిచ్చేద్దాం," అన్నాడు అన్నయ్య. "పోత సంగతంటావా, మైనమూ ముడుచుకుంటుంది, లోహమూ ముడుచుకుంటుంది. నమూనా ఎంత పెద్దగా కొయ్యాలో మామని అడిగి చెప్పు. ముందు ఒక్కటి పోయించి చూద్దాం."

ఆయన ఒక్క రోజులో అన్ని మాటలు మాట్లాడినప్పుడే నేను వినాల్సింది.

"అదంతా మామ చూసుకుంటాడులే. నువ్వు డ్రాయింగ్ కొలతకే కొయ్యి. నీతో ఏ పనైనా నత్తనడకే," అన్నాను.

డ్రాయింగ్ కొలతకే కోశాడు. రెండు రోజులు కూర్చుని నునుపు చేశాడు. నేను పట్టుకెళ్లి ఇస్తే, "ముడుచుకునేది కలిపే కోశారా అమ్మాయ్?" అని మామ అడిగాడు.

అప్పుడైనా నిజం చెప్పాల్సింది. కానీ డిజైనర్ నుంచి ఫోను వస్తోంది. "అన్నీ చూశాం మామా, కళ్లు మూసుకుని పొయ్యి," అన్నాను. పాపం, నా మాట నమ్మి నాలుగు వందలూ పోసేశాడు.

డిజైనర్ మా బల్ల దగ్గరే పెట్టె విప్పాడు. మొదటి మీట ఒక పిన్ను మీద కూర్చుంది, రెండో పిన్నును అందుకోలేదు. పది తీసి చూశాడు. అన్నీ అంతే. కొలిస్తే నలభై ఎనిమిది.

"నమూనా ఎవరు కోశారు?" అన్నాడు.

"మా అన్నయ్య. కొలత తప్పినట్టున్నాడు," అన్నాను.

తిలాపాపం తలా పిడికెడు అంటారు. నేను నా పిడికెడు కూడా ఉంచుకోకుండా అంతా ఒక్కడి నెత్తిన పోశాను. అన్నయ్య నాలుగడుగుల దూరంలో మిషను మీది రజను ఊడుస్తున్నాడు. బ్రష్షు ఒక్క క్షణం ఆగి మళ్లీ కదిలింది. "ఇన్నేళ్ల అనుభవం ఉండి ఇదేంటండీ," అని డిజైనర్ ఆయన వీపుకేసి చూస్తూ అన్నాడు. ఆర్డరు ఇంకో చోటికి పోయింది.

ఆ సాయంత్రం అన్నయ్య నన్ను కేకలేస్తాడని కాచుకున్నాను. అరిచి ఉంటే నేనూ అరిచి, ఆ ఊపులో నిజం కక్కేసేదాన్ని. ఆయన అరవలేదు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ ఉండిపోయాను. అప్పట్నుంచి ఏ ముక్క కోసినా నా బల్ల మీద పెట్టి, "నువ్వూ ఒకసారి కొలిచి చూడు," అనేవాడు. తన చేతి మీద తనకే నమ్మకం పోయిందేమో అనుకున్నాను. అలా అనుకోవడం నాకు సుఖంగా ఉంది, ఆ మాట ఒప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. మూడు నెలలకు వేరే ఫ్యాక్టరీలో చేరిపోయాడు.

పోయిన నెల అమ్మకు ఒంట్లో బాగాలేకపోతే ఇద్దరం ఆసుపత్రి వరండాలో పక్కపక్కన కూర్చున్నాం. చెప్పేశాను. మామను అడగలేదని, ఆయన అడిగితే అబద్ధం చెప్పానని, తప్పు నాదని.

"తెలుసు," అన్నాడు. "ఆ సాయంత్రమే మామ దగ్గర్నుంచి నమూనా తెచ్చి కొలిచా. యాభై ఉంది."

"మరి అప్పుడే ఎందుకు అడగలేదు?"

"నువ్వే చెప్తావనుకున్నా. మూడు నెలలు చూశా."

నాకు ఏడుపొచ్చింది. తిరిగి వచ్చెయ్యమని బతిమాలాను, మిషను అలాగే ఉంచానని చెప్పాను. అన్నయ్య నా తల మీద చెయ్యి వేశాడు.

"వద్దులేవే," అన్నాడు. "అక్కడ నా కొలతని నమ్ముతారు."