ఆగని పలక

నేను ఒక నొక్కుడు యంత్రాన్ని. పాత అట్టపెట్టెలు నా కడుపులో వేసి తలుపు మూస్తే, ఉక్కు పలకతో అణిచి కట్ట చేస్తాను. కోయంబత్తూరులో పుట్టి, విజయవాడ శివార్లలోని మస్తాన్ గారి తుక్కు షెడ్డుకు వచ్చి తొమ్మిదేళ్లయింది.

నా దగ్గర పనిచేసేది నాంచారమ్మ. అట్టముక్క ఇరుక్కుంటే తలుపు తెరిచి చేత్తో లాగేసేది. తలుపు తెరవగానే నన్ను ఆపేసే స్విచ్చు ఒకటి ఉండేది కనుక ఆమెకు భయం లేదు.

ఒక ఏడు షెడ్డు పక్కనున్న వాగు పొంగింది. నాలుగు రోజులు మెడలోతు బురదనీటిలో నిలబడ్డాను. నీళ్లు తీశాక మెకానిక్ ఏసోబు వచ్చి మోటారు ఆరబెట్టాడు, నూనె మార్చాడు. తలుపు స్విచ్చు విప్పితే లోపలంతా బురద.

"ఇది పోయిందండి. కొత్తది రావడానికి నాలుగు రోజులు పడుద్ది. అప్పటిదాకా తిప్పకూడదు," అన్నాడు.

"షెడ్డు నిండా తడి అట్టే కదయ్యా. కంపుకి చుట్టుపక్కలోళ్లు రోజూ వచ్చి అరుస్తన్నారు. ఏదోటి చెయ్యి," అన్నారు మస్తాన్ గారు.

ఏసోబు కుదరదన్నాడు. ఒకసారే అన్నాడు. రెండోసారి అడిగేసరికి ఆ స్విచ్చు వైర్లు రెండూ కలిపి టేపు చుట్టేశాడు. ఇక తలుపు తెరిచినా నేను ఆగను. ఆ మాట నాంచారమ్మకు చెప్పాలి. ఇంకో షెడ్డు నుంచి ఫోను వస్తే, చెప్పకుండానే వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున అట్ట ఇరుక్కుంది. ఆమె ఎప్పటిలాగే తలుపు తెరిచి చెయ్యి పెట్టింది. నేను ఆగలేదు. కేక విన్నాను, అయినా దిగుతూనే ఉన్నాను. మస్తాన్ గారు పరుగున వచ్చి కరెంటు తీసేదాకా దిగాను. రెండు వేళ్లు పోయాయి.

వరద చేసిందన్నారు కొందరు, నాంచారమ్మ రాత అన్నారు ఇంకొందరు. మనుషులకు నిందలు మోయడానికి నదులూ తలరాతలూ ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. ఏసోబు మాత్రం ఆసుపత్రికి వెళ్లాడు. తిరిగొచ్చి, నా పక్కన కూలబడి మస్తాన్ గారికి చెప్పాడు.

"వైర్లు కలిపింది నేనేనని చెప్పానండి. తిడుద్దనుకున్నా. 'తలుపు తీస్తే ఆగుద్దిలే అనుకున్నానయ్యా' అంది, అంతే."

మస్తాన్ గారు తలెత్తలేదు. "అడిగింది నేను కదా," అన్నారు.

అప్పుడు చేశారు, ముందే చేయాల్సిన పని. ఏసోబు కరెంటు తీసి, మెయిన్ స్విచ్చు పెట్టెకు తాళం వేసి, తాళంచెవి తన దగ్గరే పెట్టుకున్నాడు. ప్రతి వైరూ విప్పి, కడిగి, మూడు రోజులు ఆరబెట్టాడు. కొత్త స్విచ్చు బిగించి, చేతికి బదులు కర్రముక్క పెట్టి, తలుపు తెరుస్తూ ఇరవైసార్లు పరీక్షించాడు. ఇరవైసార్లూ ఆగాను. ఆగిన ప్రతిసారీ సిగ్గుపడ్డాను.

మూడు నెలలకు నాంచారమ్మ పనిలోకి వచ్చింది. మొదటి రోజే అట్ట ఇరుక్కుంది. ఆమె తలుపు తెరిచింది. నేను ఆగాను.

ఆమె చాలాసేపు నన్ను చూసింది. తర్వాత వెళ్లి కరెంటు కూడా తీసేసి వచ్చి, ఇనుప కొక్కెంతో ఆ ముక్కను లాగింది.